ఎలెన్ రాలేదని నేను రాశాను

నేను ముప్పై నాలుగో ఏట రిటైరయ్యాను. శాలువా కప్పలేదు. దుబాయ్‌లో ఆ రోజు నలభై నాలుగు డిగ్రీలు, కప్పితే హత్యాయత్నం కింద వచ్చేది. దండ బదులు వీసా రద్దు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. నా గురించి రెండు మాటలు చెప్పమని మా ముదీర్, అంటే మేనేజరు, శామ్యూల్ గారిని అడిగితే, "టైముకి వచ్చేవాడు" అన్నారు. అవి సరిగ్గా రెండు మాటలే, లెక్క తప్పలేదు.

నేను పోవడానికి కారణం ఒక కంప్యూటర్ ప్రోగ్రాం. పాత చేతిరాతను చదవడం నేను రెండేళ్ళలో నేర్చుకున్నాను, అది ఒక మధ్యాహ్నంలో నేర్చుకుంది. పైగా టీ అడగదు. ఇప్పుడు అది చదివినదాన్ని సరిచూడటానికి కొత్త పిల్లల్ని తీసుకుంటున్నారు. వాళ్ళలో ఇద్దరు నాకు ఫోన్ చేసి, "అన్నా, పని ఎట్లా ఉంటుంది?" అని అడిగారు. బాగుంటుందని చెప్పి పెట్టేశాను. తర్వాత మనసు ఒప్పక ఇది రాస్తున్నాను.

పని

సుమారు రెండు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండు ప్రభుత్వం తన దొంగల్ని ఓడలెక్కించి ఆస్ట్రేలియాకు పంపేది. దుప్పటి ఎత్తుకుపోయినవాడు, గొర్రెను తోలుకుపోయినవాడు, యజమానురాలి చెంచాలు గౌనులో దాచుకున్న పనిమనిషి, అందరికీ అదే శిక్ష: ఏడేళ్ళో, పద్నాలుగేళ్ళో, జీవితాంతమో. వాళ్ళ మునిమనవలు ఇప్పుడు "మా పూర్వీకుడు ఎవరు, ఏమయ్యాడు?" అని వెతికించుకుంటారు. ఒకప్పుడు వంశంలో ఖైదీ ఉంటే దాచేవారట. ఇప్పుడు ఖైదీ దొరక్కపోతే నొచ్చుకుంటున్నారు. "మీ తాతగారు టికెట్ కొనుక్కుని వచ్చిన మర్యాదస్తుడండీ" అని ఒకాయనకు చెప్పాల్సి వచ్చినప్పుడు, పాపం, చావు కబురు చెప్పినట్టే చెప్పాను.

ఆ ఖైదీల రికార్డులన్నీ స్కాన్ అయి ఉన్నాయి. వాటిని చదివి, ఒక మనిషి బతుకును వరసలో పెట్టి రిపోర్టు రాయడం మా పని. ఆఫీసు దుబాయ్ పాతబజారు నైఫ్‌లో, సూట్‌కేసులు అమ్మే దుకాణం పైన. నేను 2020లో చేరాను. మొదటి నాలుగు నెలలు కరోనా వల్ల అల్ నహ్దాలోని గదిలో మంచం మీద కూర్చునే చేశాను. పక్క మంచం మీద ఉండేవాళ్ళకు నా ఉద్యోగం ఏమిటో చివరిదాకా అర్థం కాలేదు. "దొంగలను ఎతుకుతడు, కానీ పోలీసు కాదు" అని కొత్తవాళ్ళకు పరిచయం చేసేవారు.

రికార్డులు చదవడానికి తమాషాగా ఉంటాయి. ఎత్తు, రంగు, జుట్టు, కనుబొమ్మలు, పుట్టిన ఊరు, చేతనైన పని, ఎడమ చేతి మీద మచ్చ. అచ్చం పెళ్ళిసంబంధాల కాగితంలా సాగి, చివర "గొర్రెను దొంగిలించెను" అని ముగుస్తాయి. తర్వాత ప్రవర్తన పేజీ ఉంటుంది. ఎవరి ఇంట్లో పనికి పెట్టారు, ఎప్పుడు తాగి దొరికారు, ఎప్పుడు ఎదురు మాట్లాడారు, ఎన్నాళ్ళు చీకటి కొట్లో వేశారు, అన్నీ అందులో ఉంటాయి. మంచి పని చేస్తే రాయడానికి ఆ పేజీలో గడి లేదు. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

శామ్యూల్ గారు

శామ్యూల్ గారిది కాకినాడ వైపు. ఈ పనికి ముందు ఇరవై ఏళ్ళు ఒక ఆస్పత్రి రికార్డు గదిలో డాక్టర్ల రాత చదివారు. అది చదివినవాడికి ప్రపంచంలో ఏ రాతా కష్టం కాదు. నాకు ఆయన నేర్పిన మొదటి పాఠం ఇది: "అక్షరాన్ని చదవకు అబ్బాయ్, గుమాస్తాని చదువు. ఈ పేజీలో నీకు ఖాయంగా తెలిసిన మాట ఒకటి పట్టుకో. అందులో ఆయన ఆ అక్షరం ఎలా వేశాడో చూడు. అప్పుడు తెలియని మాట దగ్గరికి రా."

ఈ పాఠం వినకముందే నేను ఒక దర్జీని నావికుణ్ణి చేశాను. ఇంగ్లీషులో ఆ రెంటికీ ఒక్క అక్షరమే తేడా. మేము తప్పు సరిదిద్దేలోపు ఆ కుటుంబంలో ఒక కుర్రాడు భుజం మీద లంగరు బొమ్మ పొడిపించుకున్నాడు. సూదీదారం అయితే ఇంకా చిన్న బొమ్మతో పోయేది.

ఆయనలో ఒక లోపం ఉండేది, అది నాకూ అంటింది. రిపోర్టుకు ముగింపు ఉండాలంటారు. "మనిషి ఏమయ్యాడో చెప్పకుండా వదిలేస్తే ఎలాగయ్యా? ఉప్పు లేని పప్పు వడ్డించినట్టుంటుంది. ఏదో ఒకటి తేల్చు." నేను తేల్చేవాణ్ణి. పైగా నవ్వించేలా తేల్చేవాణ్ణి. ఖాతాదారులు నా రిపోర్టులు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాసేవారు. శామ్యూల్ గారు వాటిని అచ్చు తీసి గోడకు అంటించేవారు. ఒకరికి పొగడ్త వస్తే చెడిపోవడానికి కనీసం ఏడాది పడుతుందంటారు. నాకు అంత పట్టలేదు.

డోరతీ గారి ప్రశ్న

2021లో టాస్మేనియా నుంచి డోరతీ అనే ఆవిడ రాసింది. ఎనభై దాటిన బడిపంతులమ్మ. వాళ్ళ తాతగారి తండ్రి పేరు థామస్. ఇంటిపేరు రాయను, ఆ కుటుంబం ఇప్పటికీ ఉంది. థామస్ నాలుగేళ్ళ పిల్లాడిగా తల్లితో పాటు ఖైదీల ఓడలో వచ్చాడు. తల్లి పేరు ఎలెన్, ఒక చలికోటు దొంగిలించినందుకు ఏడేళ్ళ శిక్ష. ఓడ దిగగానే తల్లిని పనికి, పిల్లాణ్ణి అనాథల బడికి పంపారు. అప్పట్లో అదే పద్ధతి. తల్లి బతికే ఉన్నా పిల్లాడు అనాథే.

థామస్ ముసలివాడై, రైతుగా పేరు తెచ్చుకుని చనిపోయాడు. తల్లి గురించి ఎవరు అడిగినా ఒకే మాట అనేవాడట: "ఆమె రాలేదు." ఆ మాట నాలుగు తరాలు దిగి డోరతీ గారి దాకా వచ్చింది. థామస్ సమాధి మీద రాయి లేదు. కుటుంబమంతా కలిసి ఒక రాయి పెట్టదలుచుకున్నారు. దాని మీద తల్లి పేరు కూడా చెక్కాలా వద్దా అని ఇంట్లో వాదన. అందుకని డోరతీ గారు మమ్మల్ని అడిగింది ఒక్కటే: "ఆమె రాలేదా, రానివ్వలేదా?"

మూడు వారాలు వెతికాను. బడి రిజిస్టరులో థామస్ చేరిన రోజు ఉంది. పన్నెండో ఏట ఒక రైతు దగ్గర పనికి కుదిర్చి పంపిన రోజు ఉంది. మధ్యలో తల్లి పేరు ఎక్కడా లేదు. ఎలెన్ ప్రవర్తన పేజీలో ఒక పిండిమర యజమాని ఇంట్లో పని, రెండుసార్లు "అనుమతి లేకుండా గైర్హాజరు", రెండుసార్లూ చీకటి కొట్టు. తర్వాత సొంతంగా పని చేసుకునే అనుమతి. తర్వాత ఒక రంపం కోతవాడితో పెళ్ళి, లోపలి అడవుల వైపు మకాం. తర్వాత ఏమీ లేదు. బడికి అర్జీ పెట్టుకున్నవాళ్ళ పట్టికలో ఆమె పేరును నాలుగు స్పెల్లింగులతో వెతికాను. దొరకలేదు.

మా ఆఫీసులో టీ కాచి, ఫైళ్ళు సర్దే గంగారాం కాకకు ఈ కథలంటే ఇష్టం. జగిత్యాల వైపు మనిషి. ముప్పై ఏళ్ళు గల్ఫ్‌లో ఉన్నవాడు. మొదట అజ్మాన్‌లో ఒక అరబ్ ఇంట్లో తోటపని, తర్వాత సైట్లు, చివర మా టీ. పాస్‌పోర్టులో ఆయన వయసు అసలు వయసు కంటే ఆరేళ్ళు తక్కువ, ఏజెంటు దయ. "కాయితంల ఉన్నోడు నాకంటె చిన్నోడు తమ్మి, వానికి షుగర్ గూడ లేదు" అనేవాడు.

ఆ రోజు టీ గ్లాసు పెడుతూ అడిగాడు: "గామె సంగతి తేలిందా?"

"తేలింది కాక. రెండుసార్లు అబ్‌స్కాండ్ అయింది, అంటే చెప్పకుండ పారిపోయింది, పెండ్లి చేసుకుంది, పోయింది. ఖలాస్."

"అబ్‌స్కాండ్ అయి ఎటు వోయింది?"

"ఎటో. తాగి తిరిగి ఉంటది."

"రాసి ఉన్నదా, తాగిందని?"

"లేదు. కానీ అందరూ గట్లనే చేసేటోళ్ళు."

గంగారాం కాక గ్లాసు మూత సరిచేసి, "మేం అబ్‌స్కాండ్ అయినప్పుడు గూడ అందరు గట్లనే అనుకున్నరు" అని వెళ్ళిపోయాడు. నేను నవ్వాను. ఆయన ఏదో జోకు వేశాడనుకున్నాను. జోకులు వేసేవాడికి ఉండే జబ్బు అది. ఎదుటివాడు నిజం చెప్పినా జోకే వినిపిస్తుంది.

రిపోర్టు రాశాను. చివరి వాక్యం నాకు ఇంకా కంఠస్థం, తెలుగులో ఇలా వస్తుంది: "ఎలెన్ కొత్త జీవితానికి సామాను కట్టుకుని బయల్దేరింది. ఆ సామాన్లలో కొడుకు లేడు." కింద సూట్‌కేసుల దుకాణం ఉన్నందుకు వచ్చిన ఉపమానం. శామ్యూల్ గారు చదివి, "బాగా తేల్చావ్" అన్నారు. "కొంచెం ఘాటుగా లేదూ?" అని కూడా అన్నారు. నేను ఆ మొదటి మాట మాత్రమే విన్నాను.

డోరతీ గారి దగ్గర నుంచి పొగడ్త రాలేదు. మూడు లైన్లు వచ్చాయి. మీ శ్రమకు కృతజ్ఞతలు. థామస్ నిజమే చెప్పాడన్నమాట. రాయి మీద తల్లి పేరు వద్దని నిర్ణయించాం. దీన్ని గోడకు అంటించలేదు.

టైపింగ్ సెంటరు

2023లో గంగారాం కాక ఇంటికి పోవడానికి సిద్ధమయ్యాడు. ఈసారి మళ్ళీ రాకుండా పోవడం. ఏదో పాత వీసా కాగితం కావాలంటే నైఫ్‌లోనే ఒక టైపింగ్ సెంటరుకు వెళ్ళాడు. గల్ఫ్‌లో ఉన్నవాడికి తెలుసు, దేవుడికి అర్జీ పెట్టాలన్నా టైపింగ్ సెంటరు నుంచే వెళ్ళాలి. మధ్యాహ్నం తిరిగి వచ్చి, నవ్వుతూ చెప్పాడు.

"పేరు చెప్పిన తమ్మి, దొరకలె. ఇంటిపేరు ముందుకు పెట్టి చెప్పిన, దొరకలె. నాయిన పేరు చెప్పిన, దొరకలె. గంట సేపు. నేను దుబాయ్‌కి వచ్చిననా రాలేదా అని నాకే అనుమానం వచ్చింది. ఆఖరికి గా పిల్లగాడు అన్నడు, నీ పేరు వదిలేయ్ చాచా, కఫీల్ పేరు చెప్పు, నీ వీసా ఎవని మీద ఉన్నదో ఆని పేరు. మా అర్బాబ్, గా అరబ్బు యజమాని పేరు చెప్పిన. రెండు నిమిషాలు గూడ పట్టలె. నా ముప్పై ఏండ్లు బయటకు వచ్చినయ్."

"మరి అందులో నీ పేరు ఉందా?"

"ఉన్నది, కిందికి. మేం గా ఇంట్ల ఉన్నప్పుడు గూడ నా పేరు ఎవలు అడిగిన్రు? ఎవని మనిషివి అని అడిగేటోళ్ళు."

ఆయన టీ పెట్టడానికి వెళ్ళాడు. నేను తెర ముందు కూర్చుని ఉన్నాను. చేతిలో ఏదో వేరే ఖైదీ, గుర్రం దొంగ. వాడిని పక్కన పెట్టాను.

ఖైదీ ఆడమనిషికి అర్జీ సొంతంగా పెట్టుకునే వీలు లేదు. రాయడం రాదు. వచ్చినా ఆమె ఉత్తరాన్ని ఎవరూ తీసుకోరు. ఆమె తరఫున యజమాని రాయాలి. రాసినవాడి పేరు మీదే గుమాస్తా పట్టికలో ఎక్కిస్తాడు. ఇది కొత్త సంగతేమీ కాదు. నేను ఉంటున్న దేశంలో, నా పక్క మంచం మీద, నాకు టీ ఇచ్చే చేతుల్లో రోజూ ఉన్న సంగతి. లండన్‌లో కూర్చుని ఈ పని చేసేవాడు తెలియక పొరబడితే అర్థముంది. కఫీల్ సంతకం లేకుండా సిమ్ కార్డు కూడా దొరకని రోజులు చూసినవాణ్ణి నేను. నేను పొరబడటానికి సాకు లేదు.

పిండిమర యజమాని పేరు వెతికాను. ఇరవై నిమిషాల్లో రెండు ఉత్తరాలు దొరికాయి.

మొదటిది థామస్‌కు ఏడేళ్ళప్పటిది. యజమాని కొంచెం విసుగ్గా రాశాడు. నా ఇంట్లో పని చేసే మనిషి రెండుసార్లు నా అనుమతి లేకుండా అనాథల బడి గేటు దాకా నడిచి వెళ్ళింది. రెండుసార్లూ శిక్షపడింది. మళ్ళీ వెళుతుందని నాకు తెలుసు. పిల్లాణ్ణి నాకు ఇప్పిస్తే తిండి నేను పెడతాను, నా పనీ ఆగదు. దాని మీద గుమాస్తా రాత: శిక్షాకాలం ముగియలేదు, కుదరదు.

రెండోది పిల్లాడికి పన్నెండేళ్ళు వచ్చాక. ఎలెన్ ఇప్పుడు స్వేచ్ఛగా పని చేసుకుంటోంది. ఒక రంపం కోతవాడిని పెళ్ళి చేసుకోబోతోంది. అతను మంచివాడు. ఇద్దరూ కలిసి పిల్లాణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చారు, నా ఇంట్లో ఎదురుచూస్తున్నారు. మార్జిన్‌లో అదే గుమాస్తా, అదే చెయ్యి: పిల్లాడు పోయిన నెల పనికి కుదర్చబడ్డాడు. తెలియజేయవలెను.

ఎవరికి తెలియజేయాలో రాయలేదు. యజమానికి తెలియజేసి ఉంటారు. పిల్లాడికి తెలియజేయాలని ఎవరికీ తట్టి ఉండదు.

సరిదిద్దడం

శామ్యూల్ గారికి చూపించాను. చాలాసేపు చదివారు. మొదట ఆయన అన్నది ఇది: "రిపోర్టు వెళ్ళి రెండేళ్ళయింది కదయ్యా. రాయి కూడా పెట్టేసుంటారు. ఇప్పుడు కెలికితే ఆవిడకి ఏమొస్తుంది?"

"ఏమొస్తుందో తెలియదు సార్. తప్పు మాత్రం మనది."

"నీది" అన్నారు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "నాది కూడా. ముగింపు కావాలన్నది నేనే. నువ్వు ఉత్తరం రాసివ్వు, చూస్తాను."

నేను రాశాను, ఆయన కొట్టేశారు. నా విశేషణాలన్నీ పోయాయి. క్షమాపణ మూడు చోట్ల ఉంటే ఒకటి ఉంచారు. "ఎక్కువ ఏడిస్తే ఆవిడ మనల్ని ఓదార్చాల్సి వస్తుంది" అన్నారు. ఒక్క జోకు కూడా దూరలేదు. ఆయన కొట్టేయలేదు, నేనే వేయలేదు. అన్నింటికంటే పైన ఆయన ఒక వాక్యం పెట్టించారు: మేము "రాలేదు" అని రాశాం. రాయవలసింది "వచ్చినట్టు మాకు కనబడలేదు" అని.

కొత్తగా చేరుతున్న పిల్లలకు నా ముప్పై నాలుగేళ్ళ విజ్ఞానం అంతా ఇదే, ఇక్కడితో చదవడం ఆపేసినా నష్టం లేదు. రికార్డులో లేకపోతే "రికార్డులో లేదు" అని రాయండి. ఖాతాదారుకు ముగింపు కావాలంటే వాళ్ళను ఇంకో గుమ్మానికి పంపండి. ప్రోగ్రాం అక్షరాలన్నీ సరిగ్గానే చదువుతుంది. దానికి పేరు ఇస్తే పేరు వెతుకుతుంది. ఎవరి పేరు కింద మనిషి ఉంటుందో దానికి తెలియదు. నాకు తెలిసి ఉండీ నేను వెతకలేదు, కాబట్టి దాన్ని తిట్టే హక్కు నాకు లేదు.

జవాబు నెల తర్వాత వచ్చింది, డోరతీ గారి కూతురు రాసింది. పక్షవాతం వచ్చి అమ్మ ఇప్పుడు వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ఉంది. మనుషుల్ని గుర్తుపట్టడం తగ్గిపోయింది. మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి వినిపించాను. ఎలెన్ ఎవరో, థామస్ ఎవరో అమ్మకు గుర్తున్నట్టు లేదు. కానీ శ్రద్ధగా వింది. అంతా అయ్యాక, "ఆ పిల్లాడికి ఎవరైనా చెప్పారా?" అని అడిగింది. రాయి మీద కింద ఇంకా చోటుంది, అన్నదమ్ములతో మాట్లాడతాను.

ఈ ఉత్తరానికి జవాబు మొదలుపెట్టి మూడుసార్లు చెరిపేశాను. మాటలకు తడుముకోవడం నాకు అలవాటు లేని పని. నా గదిలో వాళ్ళు జ్వరమేమో అని చూశారు.

అప్పటికి గంగారాం కాక ఊరికి చేరిపోయాడు. శుక్రవారం ఫోన్ చేసినప్పుడు ఆయనకు ఉత్తరం తెలుగులో చెప్పాను.

"మరి చెప్పినవా?" అన్నాడు.

"ఎవరికి?"

"గా పిల్లగానికి."

"పిల్లగాడు పోయి నూరేండ్లు దాటింది కాక."

"అయితే ఏంది? ఆని రాయి మీద రాయమను. వచ్చింది, రెండుసార్లు వచ్చింది, గేటు కాడికి నడిసి వచ్చింది అని. ఆడే సదువుకుంటడు."

  "చెప్తా కాక" అన్నాను.

ఆయన మాటనే ఇంగ్లీషులోకి మార్చి డోరతీ గారి కూతురికి పంపాను. ఎవరి మాటో కూడా రాశాను. గంగారాం, జగిత్యాల వైపు, ఆఫీసులో టీ కాచేవాడు అని. ఆయన పేరు మీదే, కింద కాదు, పైన.

ఆమె కృతజ్ఞతలు చెప్పింది. రాయి మీద అక్షరాలు చెక్కించాక ఫొటో పంపుతానంది. ఆ తర్వాత రెండేళ్ళకు నా కుర్చీలోకి ప్రోగ్రాం వచ్చింది, నేను బయటకు వచ్చాను. నా సొంత ఈమెయిల్ కూడా ఆమెకు ఇచ్చాను. ఫొటో ఇంకా రాలేదు.

రాలేదు అని మాత్రమే రాస్తున్నాను. పంపలేదని రాయడం లేదు.